తుపాకుల సరదాకీ ఇంటి ఇన్సూరెన్స్‌కీ ఎక్కడ చెడుతుంది?

డల్లాస్ శివార్లలో మా వీధి చివరింట్లో ఒక పెద్దాయన ఉంటారు. రిటైరయ్యాక ఆయన కాలక్షేపమంతా గరాజ్‌లోనే, వాడేసిన తూటాలని మళ్లీ నింపుకోవడం. ఇక్కడివాళ్లు దాన్ని రీలోడింగ్ అంటారు. గోడవారగా ఒక బల్ల, దానికి బోల్టులతో బిగించిన ఇనప ప్రెస్, తుపాకీ మందు తూచే చిన్న తక్కెడ, కాఫీ డబ్బాల నిండా వాడేసిన ఇత్తడి తూటా గొట్టాలు. ప్రెస్ పిడి ఒకసారి దింపితే పాత ప్రైమర్, అంటే మందుని అంటించే చిన్న బిళ్ల, ఊడి కింద డబ్బాలో టిక్కుమని పడుతుంది. కొత్తది కూర్చోబెట్టి, తూచిన మందు పోసి, పైన గుండు పెట్టి బిగిస్తారు. ఆ ఓపిక చూస్తే మా ఊళ్లో కంసాలి కొట్టు గుర్తొస్తుంది నాకు.

పోయినేడు వడగళ్ల వానకి ఆయన ఇంటి పైకప్పు దెబ్బతింది. నష్టం చూడటానికొచ్చిన అడ్జస్టర్ గరాజ్ సీలింగ్‌లో నీటి మరకని ఫొటోలు తీశాడు. ఆ ఫొటోల్లో బల్ల పడింది, షెల్ఫ్ మీద పౌడర్ జగ్గులు పడ్డాయి, గోడకి తగిలించిన, తుపాకుల వ్యాపారానికిచ్చే ఫెడరల్ లైసెన్స్ కూడా పడింది. క్లెయిమ్ డబ్బు సక్రమంగానే వచ్చింది. రెండు నెలల తర్వాత ఇంకో ఉత్తరం వచ్చింది. గడువు తీరాక పాలసీ రెన్యూ చేయడం లేదు, ఇంట్లో వ్యాపారం నడుస్తోంది, మండే పదార్థాలు నిల్వ ఉన్నాయి అని. ఇరవై ఏళ్లుగా ప్రీమియం ఒక్కసారి కూడా ఆలస్యం చేయని మనిషి. ఆ కాగితం నా చేతిలో పెట్టి, "ఇందులో నేను చేసిన తప్పేమిటో చూసి చెప్పండి" అన్నారు.

ఏళ్ల తరబడి ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నాను కాబట్టి పాలసీల భాష నాకు కాస్త అలవాటే. ఆయన కాగితాలు చదువుతున్న రోజుల్లోనే, కొత్తగా గ్రీన్ కార్డ్ వచ్చిన మా గుంటూరు తమ్ముడొకడు ఫోన్ చేసి, "అన్నా, తుపాకీ కొంటే ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పాలా?" అని అడిగాడు. ఇద్దరి ప్రశ్నా ఒకటే అనిపిస్తుంది గానీ కాదు. తుపాకీ ఉండటం వేరు, తుపాకీ మందు ఉండటం వేరు, తుపాకులతో వ్యాపారం చేయడం వేరు. ఇన్సూరెన్స్ కంపెనీ ఈ మూడింటినీ మూడు రకాలుగా చూస్తుంది. మనం మాత్రం అన్నిటినీ కలిపి "నా తుపాకుల సరదా" అనుకుంటాం. గొడవ అక్కడ మొదలవుతుంది.

తమ్ముడి సంగతి తేలిక. బీరువాలో తాళం వేసిన ఒకటి రెండు తుపాకులున్నాయని అమెరికాలో మామూలుగా ఎవరి పాలసీ పోదు. చాలామంది ఇంటి యజమానుల దగ్గర ఉండే హెచ్‌ఓ-3 రకం పాలసీలో తుపాకీ కూడా సోఫా, టీవీల్లాగే ఇంటి సామానులో భాగం. దొంగతనం జరిగితే మాత్రం ఒక పరిమితి ఉంటుంది. ఎక్కువ పాలసీలకి మాతృక అయిన ప్రామాణిక పత్రం 2011 కూర్పులో తుపాకులూ వాటి సామగ్రీ అన్నిటికీ కలిపి అది 2,500 డాలర్లు. అదే పత్రంలో నగల దొంగతనానికి 1,500 డాలర్లే. మన ఇళ్లలో ఒక్క నెక్లెస్ అంతకంటే ఎక్కువ ఖరీదుంటుంది. కాబట్టి తుపాకీ లేనివాళ్లు కూడా ఈ పేజీ ఒకసారి తీసి చూసుకోవడం మంచిది. విలువైనవి ఉంటే విడిగా జాబితా రాయించి, కాస్త ఎక్కువ ప్రీమియం కట్టి పూర్తి కవరేజీ తీసుకోవచ్చు. ఫ్లోరిడా అయితే 2014లో చట్టమే చేసింది: చట్టబద్ధంగా తుపాకీ గానీ తూటాలు గానీ ఉన్నాయన్న కారణంతో ఇంటి పాలసీ, కారు పాలసీ నిరాకరించకూడదు, రద్దు చేయకూడదు.

తమ్ముడికి ఇన్సూరెన్స్ కంటే ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది, అది అతని స్నేహితుల కోసం. హెచ్-1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ చెల్లుబాటులో ఉండటం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు. గ్రీన్ కార్డ్ ఉన్న అన్నయ్య తుపాకీ, అదే ఇంట్లో హెచ్-1బీ తమ్ముడి చేతికి అందేలా ఉండటం కూడా చిక్కే. ఒకే ఇంట్లో రెండు మూడు రకాల వీసాలతో బతికే మనవాళ్లు ఈ విషయంలో లాయర్ని అడగకుండా అడుగు వేయకూడదు.

ఇక పెద్దాయన గరాజ్‌కి వద్దాం.

తుపాకీ మందంటే మనకి దీపావళి గుర్తొస్తుంది. సూరేకారం, గంధకం, బొగ్గు నూరి పెరట్లో చిచ్చుబుడ్లు కూరిన ఇళ్లు గోదావరి జిల్లాల్లో చాలా ఉండేవి. ఆ మూడూ కలిసిందే పాతకాలపు నల్లటి తుపాకీ మందు, ఇక్కడివాళ్లు బ్లాక్ పౌడర్ అంటారు. ఎక్కడైనా నిప్పురవ్వ పడితే క్షణంలో అంటుకుంటుంది. పాతకాలపు తుపాకుల మీద మోజున్నవాళ్లు ఇంకా దాన్నే వాడతారు. పెద్దాయన జగ్గుల్లో ఉన్నది అది కాదు, పొగరాని మందు. నైట్రోసెల్యులోజ్‌తో చేసిన చిన్న చిన్న రేకులూ పలుకులూ. ఆరుబయట పోసి అంటిస్తే పేలదు, భగ్గున పెద్ద మంటతో మండిపోతుంది. గట్టిగా మూసిన చోట మండితే మాత్రం వాయువు బయటికి పోయే దారి లేక ఒత్తిడి పెరుగుతుంది. తూటాలో జరిగేది అదే.

అందుకే నిల్వ నియమాలు చదివితే మొదట ఆశ్చర్యం వేస్తుంది. అమెరికాలో అగ్నిమాపక ప్రమాణాలు రాసే ఎన్‌ఎఫ్‌పీఏ సంస్థ 495వ కోడ్ ప్రకారం సొంత వాడకానికి 20 పౌండ్ల దాకా, అంటే 9 కిలోలు, పొగరాని మందుని కంపెనీ డబ్బాల్లోనే ఇంట్లో ఉంచుకోవచ్చు. 20 దాటి 50 పౌండ్ల దాకా అయితే ఒక అంగుళం మందం చెక్కతో చేసిన పెట్టెలో పెట్టాలి. ఉక్కు కాదు, చెక్క! ఎందుకంటే చెక్క బయటి వేడిని కొంతసేపు లోపలికి రానివ్వదు. ఒకవేళ లోపల అంటుకున్నా ఒత్తిడికి పలకలు విచ్చుకుని దారి ఇస్తాయి. ఉక్కు సేఫ్ అలా విచ్చుకోదు, ఒత్తిడినంతా తనలో బిగించుకుని బాంబులా తయారవుతుంది. భద్రంగా ఉంటుందని సగం పౌడర్‌ని పాత ఉక్కు బీరువాలో దాచుకున్నది ఈ పెద్దాయనే. ప్రైమర్లకి పరిమితి 10,000. వెయ్యేసి చొప్పున అమ్మే పెట్టెలు పది. ఇవి కాక ఊరి ఫైర్ కోడ్ ఇంకా తక్కువ చెప్పొచ్చు, కాబట్టి స్థానిక ఫైర్ మార్షల్ ఆఫీసులో అడగడం తప్పనిసరి.

ఇప్పుడు లెక్క చూడండి. పౌండుకి 7,000 గ్రెయిన్లు. ఒక పిస్టల్ తూటాకి సుమారు 5 గ్రెయిన్ల మందు పడుతుంది. అంటే ఒక్క పౌండుతో 1,400 తూటాలు. పౌడర్ 8 పౌండ్ల జగ్గుల్లో చవగ్గా దొరుకుతుంది, ఒక్క జగ్గు కొంటే 11,200 తూటాలకి సరిపోతుంది. రీలోడింగ్ చేసేవాళ్లకి మూడు జగ్గులంటే కొన్నేళ్ల సరదాకి సరిపడా సరుకు. పాలసీ ఇవ్వాలా వద్దా అని తేల్చే కంపెనీ మనిషికి, అంటే అండర్‌రైటర్‌కి, మాత్రం అది 24 పౌండ్లు, 20 దాటిన సంగతి. ఇద్దరూ చూస్తున్నది ఒకే షెల్ఫ్.

ఈ భయం కొత్తది కాదు. న్యూయార్క్ రాష్ట్రం 1886లో చట్టం చేసి తెచ్చిన ప్రామాణిక అగ్ని బీమా పత్రంలోనే ఒక జాబితా ఉండేది. బెంజీన్, డైనమైట్, బాణసంచా, గ్యాసొలిన్‌తో పాటు 25 పౌండ్లు మించిన తుపాకీ మందు ఇంట్లో ఉంచితే పాలసీ చెల్లదని అందులో రాశారు. 1943 నాటి పత్రంలో ఆ జాబితా పోయింది. దాని స్థానంలో, యజమానికి తెలిసి గానీ అతని అదుపులో గానీ ప్రమాదం పెరిగి ఉన్న సమయంలో జరిగిన నష్టానికి కంపెనీ బాధ్యత వహించదన్న వాక్యం వచ్చింది. నా దృష్టిలో పాత జాబితాయే మేలు. 25 పౌండ్లంటే ఎవరైనా తూచి చూసుకోగలరు. "ప్రమాదం పెరగడం" అంటే ఎంతో కోర్టుకెళ్లేదాకా తేలదు. ఈనాటి ఉత్తరాల్లో కనిపించే "రిస్క్ గణనీయంగా మారింది" అన్న మాట కూడా ఆ వంశానిదే.

ఒక్కటి కంపెనీల వైపు నుంచి కూడా చెప్పాలి. టెక్సాస్‌లో వడగళ్లు, కాలిఫోర్నియాలో కార్చిచ్చులు కంపెనీలని బాగా దెబ్బకొట్టాయి. 2023 మేలో స్టేట్ ఫార్మ్ అనే పెద్ద కంపెనీ కాలిఫోర్నియాలో కొత్త ఇంటి పాలసీలు తీసుకోవడమే ఆపేసింది. ఇలాంటి రోజుల్లో అండర్‌రైటర్ చేతిలో పది ఫైళ్లుంటే, ఏదో ఒక ప్రశ్న మిగిలిన ఫైలునే ముందు పక్కన పెడతాడు. పదేళ్ల క్రితం చూసీచూడనట్టు పోయే గరాజ్ బల్ల ఇప్పుడు ప్రశ్నగా మారుతోంది.

సరదా వ్యాపారమయ్యే గీత

పెద్దాయన గోడ మీదున్న లైసెన్స్ అసలు ముడి. 1968 గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం తుపాకులు వ్యాపారంగా అమ్మేవాళ్లు ఏటీఎఫ్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ దగ్గర ఫెడరల్ లైసెన్స్ తీసుకోవాలి. దాన్ని ఎఫ్‌ఎఫ్‌ఎల్ అంటారు. డీలర్ లేదా తుపాకులు బాగుచేసే పనికి టైప్ 01, మూడేళ్లకి 200 డాలర్లు. తూటాలు తయారుచేసి అమ్మడానికి టైప్ 06, మూడేళ్లకి 30 డాలర్లు. సొంతానికి తూటాలు చేసుకుంటే ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, పక్కింటాయనకి డబ్బు తీసుకుని అమ్మడం మొదలుపెడితే కావాలి. ఇంట్లోనుంచి నడిపే డీలర్లని ఇక్కడ "కిచెన్ టేబుల్ డీలర్లు" అంటారు. 1990ల మొదట్లో దేశంలో అన్ని రకాలూ కలిపి 2 లక్షల 80 వేలకు పైగా లైసెన్సులుండేవి, వాటిలో ఇళ్లలోంచి నడిచేవి చాలా ఎక్కువ. 1993లో ఫీజు పెంచి, 1994లో వేలిముద్రలూ స్థానిక చట్టాలకి లోబడి ఉండటమూ తప్పనిసరి చేశాక ఆ సంఖ్య బాగా పడిపోయింది. అయినా ఇప్పటికీ ఇలాంటి ఇళ్లున్నాయి.

పెద్దాయన చేసేది చిన్న పని. స్నేహితులెవరైనా ఆన్‌లైన్‌లో తుపాకీ కొంటే అది నేరుగా వాళ్లింటికి రాదు, లైసెన్స్ ఉన్నవాళ్ల దగ్గరికే రావాలి. ఆయన అడ్రస్‌కి వస్తుంది. ఆయన తుపాకీ కొనేవాళ్లు నింపాల్సిన 4473 ఫారం నింపించి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసి, చేతికిచ్చి, పాతిక డాలర్లు తీసుకుంటారు. ఏడాదికి వెయ్యి డాలర్లు దాటదు. "ఇది వ్యాపారమేమిటండీ, కాఫీ ఖర్చులకి కూడా రావు" అన్నారు నాతో.

ఆదాయం తక్కువైతే వ్యాపారం కాదన్న ఈ నమ్మకానికి కొంత ఆధారం లేకపోలేదు. నేను చెప్పిన ప్రామాణిక పాలసీ పత్రంలో, పాలసీ కాలం మొదలవడానికి ముందు పన్నెండు నెలల్లో 2,000 డాలర్లు మించి రాని చిన్నాచితకా పనులకి మినహాయింపు ఉంది. కానీ ఆ వాక్యానికి పైనే ఇంకో వాక్యం ఉంది. పూర్తిగా చేసినా, పార్ట్ టైమ్‌గా చేసినా, అప్పుడప్పుడు చేసినా, వృత్తి గానీ వర్తకం గానీ అయితే అది వ్యాపారమే, ఎంత వచ్చిందన్నదానితో పని లేదు. ఇక ఏటీఎఫ్ సరదా కోసం డీలర్ లైసెన్స్ ఇవ్వదు. దరఖాస్తులోనే, నేను ఈ వ్యాపారం చేయబోతున్నాను అని సంతకం పెట్టాలి. అదే మనిషి ఇన్సూరెన్స్ కంపెనీతో, అబ్బే ఇది సరదా అనడం కుదరదు. ఒక ఆఫీసుకి చెప్పిన మాట ఇంకో ఆఫీసులో కాదనలేం. దీనికి మినహాయింపు పాత తుపాకులు సేకరించేవాళ్ల టైప్ 03 లైసెన్స్. అది వ్యాపారానికి ఇచ్చేది కాదు.

వ్యాపారమని తేలితే ఏమవుతుంది? చాలామంది కాల్పుల ప్రమాదాన్ని ఊహించుకుంటారు. క్లెయిమ్స్ పనిలో ఉన్న నాకు వేరేది కనిపిస్తుంది. జనవరిలో మెట్లమీద మంచు పేరుకుందనుకోండి. తుపాకీ తీసుకెళ్లడానికి వచ్చినాయన జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. చుట్టపుచూపుగా వచ్చి పడి ఉంటే ఇంటి పాలసీలో ఇతరులకి జరిగిన హానికి బాధ్యత వహించే లయబిలిటీ భాగం ఆస్పత్రి బిల్లులూ కోర్టు ఖర్చులూ చూసుకునేది. కస్టమర్‌గా వచ్చి పడ్డాడు కాబట్టి వ్యాపార మినహాయింపు అడ్డొస్తుంది. తుపాకీ పేలనే లేదు, అయినా ఇంటాయన సొంత డబ్బుతో లాయర్ని పెట్టుకోవాల్సి వస్తుంది. తూటాలు అమ్మితే ఇంకో ప్రమాదం: ఒక గొట్టంలో పొరపాటున రెండుసార్లు మందు పడితే కొన్నవాడి చేతిలో తుపాకీ బద్దలవుతుంది. అది తయారీ సరుకు లోపం కింద వస్తుంది, దాన్ని ఏ మామూలు ఇంటి పాలసీ మోయదు. పెరట్లో విడిగా షెడ్ కట్టి అందులో పని చేస్తే ఆ షెడ్ కాలిపోయినా ఇచ్చేదేమీ ఉండకపోవచ్చు, వ్యాపారం నడిచే విడి కట్టడాలకి ప్రామాణిక పత్రంలో కవరేజీ లేదు.

పాలసీ పోవడంలో మూడు రకాలు

రెన్యూ చేయకపోవడం వీటిలో మెత్తనిది. గడువు దాకా కవరేజీ ఉంటుంది, ముందుగా నోటీసు వస్తుంది. ఆ గడువు రాష్ట్రాన్నిబట్టి మారుతుంది, కాలిఫోర్నియాలో 75 రోజులు, ఫ్లోరిడాలో మామూలుగా 120. రెండోది మధ్యలో రద్దు. ప్రామాణిక పత్రం ప్రకారం పాలసీ మొదలైన 60 రోజుల్లోపు ఏ కారణంతోనైనా 10 రోజుల నోటీసుతో రద్దు చేయొచ్చు. ఆ తర్వాత ప్రీమియం కట్టకపోవడమో, తప్పుడు సమాచారమో, రిస్క్ గణనీయంగా మారడమో ఉండాలి. మూడోది అన్నిటికంటే భయంకరం. ఇల్లు కాలిపోయాక కంపెనీ ఫైలు తిరగేసి, దరఖాస్తులో "ఇంట్లో వ్యాపారం ఉందా?" అన్నచోట "లేదు" అని ఉందని చూసి, పాలసీ మొదట్నుంచీ చెల్లదంటుంది. కట్టిన ప్రీమియం వెనక్కిస్తుంది, ఇల్లు మాత్రం రాదు.

నోరు మూసుకుంటే గొడవ ఉండదనుకునేవాళ్లు మొదటి ప్రమాదం తప్పించుకోబోయి ఈ మూడోదాన్ని కొనుక్కుంటున్నారు. రెన్యూ చేయకపోతే టెన్షన్, తిరుగుడు, ఎక్కువ ప్రీమియం. అంతవరకే. ఇంకో కంపెనీ దొరుకుతుంది. బూడిద మీద నిలబడి ఉన్నప్పుడు వచ్చే ఉత్తరానికి ఏ ఏజెంటూ ఏమీ చేయలేడు. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

పాలసీ పోతే మార్ట్‌గేజ్ ఉన్నవాళ్లకి వెంటనే ఇంకో ఒత్తిడి మొదలవుతుంది. ఇన్సూరెన్స్ లేదని తెలియగానే, ఇంటి అప్పు వాయిదాలు వసూలు చేసే లోన్ సర్వీసర్ తానే ఒక పాలసీ తెచ్చి ఇంటిమీద పెడతాడు, ఖర్చు మన ఖాతాలో వేస్తాడు. ఫెడరల్ నిబంధన ప్రకారం ఆ డబ్బు వసూలు చేసే ముందు కనీసం 45 రోజుల నోటీసు, మళ్లీ ఒక గుర్తుచేసే నోటీసు ఇవ్వాలి. ఆ పాలసీ మామూలుగా ఖరీదు ఎక్కువ, రక్షణ తక్కువ, ముఖ్యంగా బ్యాంకు అప్పుని కాపాడేదే. కాబట్టి ఉత్తరం వచ్చిన రోజునుంచే కదలాలి.

పెద్దాయన విషయంలో మేము చేసిన వరుస ఇది. ముందు కారణాన్ని వివరంగా రాతపూర్వకంగా అడిగాం. లెక్సిస్‌నెక్సిస్ అనే డేటా కంపెనీ దగ్గర ఉండే క్లూ రిపోర్ట్ తెప్పించాం, ఏడేళ్ల క్లెయిముల చరిత్ర అందులో ఉంటుంది, ఏడాదికొకసారి ఉచితం. అందులో తప్పులుంటే కొత్త కంపెనీ కూడా వెనక్కి తగ్గుతుంది, అదృష్టవశాత్తూ లేవు. తర్వాత ఒకే కంపెనీకి పనిచేసే ఏజెంట్‌ని వదిలి, చాలా కంపెనీలతో పనిచేసే ఇండిపెండెంట్ ఏజెంట్‌ని పట్టుకున్నాం. ఆవిడ మొదటి రోజే తేల్చి చెప్పింది: ఇంటికి ఇంటి పాలసీ, లైసెన్స్ పనికి విడిగా కమర్షియల్ లయబిలిటీ పాలసీ, రెండూ రెండు కంపెనీల నుంచి వచ్చినా పర్వాలేదు, కానీ రెండిటికీ ఒకే నిజం చెప్పాలి. మామూలు కంపెనీలు కాదంటే, అవి వద్దన్న రిస్కులు తీసుకునే ప్రత్యేక కంపెనీల సర్‌ప్లస్ లైన్స్ మార్కెట్ ఉంది, ప్రీమియం ఎక్కువ. అదీ కాకపోతే టెక్సాస్‌లో ఫెయిర్ ప్లాన్, దానికి కనీసం రెండు కంపెనీలు నిరాకరించి ఉండాలి. 1960ల నగర అల్లర్ల తర్వాత ఎవరూ ఇన్సూరెన్స్ ఇవ్వని ఇళ్లకోసం 1968 ఫెడరల్ చట్టంతో పుట్టిన ఏర్పాటిది. రక్షణ పరిమితంగానే ఉంటుంది. కాలిఫోర్నియా ఫెయిర్ ప్లాన్‌లోనైతే లయబిలిటీయే లేదు.

గడువుకి పదకొండు రోజుల ముందు సర్‌ప్లస్ లైన్స్‌లో ఆయనకి పాలసీ దొరికింది. ప్రీమియం పాతదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. కమర్షియల్ పాలసీ వేరే. లైసెన్స్ వదిలేయమని పిల్లలు అన్నారు గానీ ఆయనకి మనసొప్పలేదు, అది ఆయన ఇష్టం. విడిగా బ్లాక్ పౌడర్ డబ్బాలు కూడా రెండుంటే స్నేహితుడికి ఇచ్చేశారు. పొగరాని మందుని 16 పౌండ్లకి దించారు. ఇరవైలోపు కాబట్టి పెట్టె అవసరం లేదని ఫైర్ మార్షల్ ఆఫీసులో చెప్పినా, ఒక శనివారం పొద్దున అంగుళం మందం పలకలు తెచ్చి పెట్టె చేయడం మొదలుపెట్టారు. నేను పలక పట్టుకుంటే ఆయన స్క్రూలు బిగించారు. ఉక్కు బీరువాలోంచి డబ్బాలు ఒక్కొక్కటీ తీసి, ప్రతిదాని మీదా తూకం రాసిన చీటీ అంటించి పెట్టెలో సర్దారు. కొత్త కంపెనీ ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు గరాజ్ తలుపు పూర్తిగా పైకెత్తి ఉంచి, అతను అడగకముందే పెట్టె మూత తెరిచి, "దీన్ని కూడా ఫొటో తీసుకోండి" అన్నారు.